రాబర్ట్‌సన్‌ని డాలస్ నిలుపుకోగలదా? ఆర్ఎఫ్ఏ సంతకాలు, క్యాప్ ఇరకాటం

ఫ్రిస్కో_పక్
అందరికీ నమస్కారం. మన ఐస్ హాకీ జట్టు డాలస్ స్టార్స్‌తో థామస్ హార్లీ సంతకం అయిపోయింది. 8 ఏళ్లు, ఏడాదికి 10.587 మిలియన్ డాలర్లు. మంచి డిఫెన్స్‌మన్ దొరికాడు, సంతోషమే. కానీ ఆ వార్త చూసిన దగ్గర్నుంచి నా టెన్షనంతా జేసన్ రాబర్ట్‌సన్ గురించే. అతని ఒప్పందం 2025-26 సీజన్‌తో ముగుస్తుంది. 2026 వేసవిలో మళ్లీ రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ (ఆర్ఎఫ్ఏ) అవుతాడు, ఇంకో ఏడాది ఆగితే ఏ ఆంక్షా లేని ఫ్రీ ఏజెంట్.

2026-27కి లీగ్ (ఎన్‌హెచ్ఎల్) ముందే చెప్పిన క్యాప్, అంటే ఒక జట్టు జీతాల మొత్తానికి హద్దు, 104 మిలియన్లు. ఆ ఏడాదికి స్టార్స్ ఇప్పటికే మాటిచ్చిన పెద్ద జీతాలు చూడండి: రాంటనెన్ 12, హార్లీ 10.587, సెగిన్ 9.85, హైస్కనెన్ 8.45, హింట్జ్ 8.45, జాన్‌స్టన్ 8.4, ఆటింజర్ 8.25. ఏడుగురికే దాదాపు 66 మిలియన్లు. జట్టులో మామూలుగా 23 మంది ఉంటారు. మిగిలిన 38 మిలియన్లలో రాబర్ట్‌సన్‌తో కలిపి 16 మంది సర్దుకోవాలి.

ఇది ఈ ఏడాది పుట్టిన ఇబ్బంది కాదని నేననుకుంటున్నాను. 2022లోనే మొదలైంది. ఆ వేసవిలో రాబర్ట్‌సన్, ఆటింజర్ ఇద్దరూ ఆర్ఎఫ్ఏలే. క్యాప్ 82.5 మిలియన్లు. అందులో బెన్‌కి 9.5, సెగిన్‌కి 9.85 పోతున్నాయి. చేతిలో డబ్బు లేక ఇద్దరికీ చిన్న ఒప్పందాలే (బ్రిడ్జ్ డీల్స్ అంటారు) ఇచ్చారు. ఆటింజర్‌కి 3 ఏళ్లు, ఏడాదికి 4 మిలియన్లు. రాబర్ట్‌సన్‌కి 4 ఏళ్లు, 7.75. అప్పుడు మిగిలిందంతా ఇప్పుడు వడ్డీతో కట్టాల్సి వస్తోంది. ఫ్రిస్కోలో స్టార్స్ ప్రాక్టీస్ రింక్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఇక్కడ ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే, రాబర్ట్‌సన్ ఉంటాడా వెళ్లిపోతాడా అని. మీరేమంటారు?

ఉప్పల్_కుర్రాడు
అన్నా, నేను హైదరాబాద్ నుంచి. హాకీ ఈమధ్యే చూడటం మొదలుపెట్టా. ఒక్క డౌట్. ఒప్పందం అయిపోయాక ఆటగాడు ఇష్టమొచ్చిన టీమ్‌కి పోవచ్చు కదా? ఈ 'రిస్ట్రిక్టెడ్' ఏంటి? హక్కు డాలస్ దగ్గరే ఉంటే భయం దేనికి?

ఎడ్మంటన్_రావు
తమ్ముడూ, నీకు ఐపీఎల్ తెలుసు కాబట్టి దాంతోనే చెప్తా. 2025 మెగా వేలంలో రైట్ టు మ్యాచ్ కార్డు గుర్తుందా? వేరే జట్టు పాడిన ధరకి పాత జట్టు 'మేమే ఇస్తాం' అని ఆటగాణ్ణి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎన్‌హెచ్ఎల్‌లో ఆర్ఎఫ్ఏ దాదాపు అంతే. 18 ఏళ్లకో 20 ఏళ్లకో వచ్చిన కుర్రాడు మూడేళ్ల మొదటి ఒప్పందం పూర్తి చేస్తాడు. ఆ ఒప్పందంలో బేస్ జీతం మిలియన్ చుట్టుపక్కలే. తర్వాత అతనికి 27 ఏళ్లు నిండేవరకో, లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తయ్యేవరకో హక్కు పాత జట్టుదే. జట్టు చేయాల్సిందల్లా జూన్ ఆఖర్లోగా క్వాలిఫైయింగ్ ఆఫర్ (హక్కు నిలుపుకోవడానికి ఇచ్చే కనీస జీతం ప్రతిపాదన) ఇవ్వడం. ఇవ్వకపోతే అతను స్వేచ్ఛగా వెళ్లిపోతాడు.

ఈలోగా వేరే జట్టు ఆఫర్ షీట్, అంటే తన తరఫున ఒప్పందం ప్రతిపాదన, పెట్టొచ్చు. కానీ వేలంలోలా కాదు, దాని మీద ఆటగాడే సంతకం చేయాలి. పాత జట్టుకి ఏడు రోజులు గడువు. అంతే జీతం ఇచ్చి ఉంచుకుంటే సరే. వదులుకుంటే కొత్త జట్టు తన డ్రాఫ్ట్ పిక్స్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులు) ఇవ్వాలి, జీతం పెరిగేకొద్దీ పిక్స్ పెరుగుతాయి. పై మెట్టులో నాలుగు మొదటి రౌండ్ పిక్స్.

ఇక భయం దేనికంటావా? హక్కు ఉంటే సరిపోదు, క్యాప్‌లో చోటుండాలి. ఈ పాఠం మా ఊరు నేర్చుకున్నంత బాగా ఇంకెవరూ నేర్చుకోలేదు. ఆ కథ కాస్త పెద్దది, భోంచేసి వచ్చి రాస్తా.

స్కార్‌బరో_శ్రీ
రావు గారి కథకి ముందు మా టొరంటో సంగతి చెప్పాలి. 2018లో విలియం నైలాండర్ ఆర్ఎఫ్ఏ. వేసవి గడిచింది, సీజన్ ముందు జరిగే ట్రైనింగ్ క్యాంప్ గడిచింది, సీజన్ మొదలై రెండు నెలలైంది, సంతకం లేదు. నిబంధన ప్రకారం ఆర్ఎఫ్ఏ డిసెంబర్ 1 సాయంత్రం 5 గంటల్లోగా సంతకం చేయకపోతే ఆ సీజన్‌లో ఎన్‌హెచ్ఎల్‌లో ఆడకూడదు. గడువుకి కొన్ని నిమిషాల ముందు 6 ఏళ్లు, 45 మిలియన్లకి కుదిరింది. అభిమానుల ప్రాణం గొంతులోకి వచ్చింది.

ఇందులో అందరూ గమనించని విషయం ఒకటుంది. సీజన్ మధ్యలో సంతకం చేస్తే క్యాప్ లెక్క మారుతుంది. మొదటి ఏడాది భారం 10 మిలియన్లు దాటింది, తర్వాతి అయిదేళ్లు 6.96 చొప్పునే. ఆ ఏడాది టొరంటో దగ్గర చోటుంది, తర్వాత ఉండదు, ఎందుకంటే మ్యాథ్యూస్, మార్నర్ ఒప్పందాలు వరసలో ఉన్నాయి. అంటే ఆలస్యం క్లబ్‌కి క్యాప్‌లో కలిసొచ్చింది. ఆటలో మాత్రం నష్టమే. ఆ సీజన్‌లో 54 మ్యాచ్‌లు ఆడి 27 పాయింట్లే (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) చేశాడు. క్యాంప్ లేకుండా సీజన్ మధ్యలో దిగితే ఎంత గొప్ప ఆటగాడికైనా అంతే.

తర్వాత మ్యాథ్యూస్ 11.634, మార్నర్ 10.893. అంతకుముందే తవారెస్ 11. నలుగురికి కలిపి 40 మిలియన్లు దాటింది, క్యాప్ 81.5. అప్పుడు కోవిడ్ వచ్చి క్యాప్‌ని మూడు సీజన్లు అక్కడే ఆపేసింది. క్యాప్ ఏటా పెరుగుతుందన్న నమ్మకంతో రాసిన ఒప్పందాలవి. జట్టు అడుగు భాగం బలహీనపడింది, ప్లేఆఫ్స్‌లో ఏమైందో చెప్పక్కర్లేదు. మార్నర్ 2025లో వేగస్‌కి వెళ్లిపోయాడు. ఫ్రిస్కో అన్నా, నలుగురైదుగురికే బీరువా ఖాళీ చేస్తే ఏమవుతుందో మమ్మల్ని చూడండి. అందుకే రాబర్ట్‌సన్‌ని ఇప్పుడే ట్రేడ్ చేసి మంచి ధర తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం.

ఎడ్మంటన్_రావు
చెప్తానన్న కథ. 2024 జూన్‌లో మా ఆయిలర్స్ స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఫ్లోరిడా చేతిలో ఓడిపోయారు. జులై 1న ఫ్రీ ఏజెన్సీ తెరవగానే ఆర్విడ్‌సన్‌ని ఏడాదికి 4 మిలియన్లకి, స్కిన్నర్‌ని 3 మిలియన్లకి తెచ్చారు. ఆ రోజు ఊరంతా పండగ. ఫిలిప్ బ్రోబర్గ్, డిలన్ హాలోవే ఇద్దరు కుర్రాళ్లు మాత్రం సంతకం లేకుండా అలాగే ఉండిపోయారు. ఒకడు 2019 డ్రాఫ్ట్‌లో 8వ పిక్, ఇంకొకడు 2020లో 14వ పిక్. ఆర్ఎఫ్ఏలే కదా, ఎక్కడికి పోతారులే అనుకున్నారు.

ఆగస్టు 13న సెయింట్ లూయిస్ బ్లూస్ ఒకే రోజు ఇద్దరికీ ఆఫర్ షీట్ పెట్టింది. అంకెలు చూడండి. బ్రోబర్గ్‌కి ఏడాదికి 45,80,917 డాలర్లు, హాలోవేకి 22,90,457. ఇంత వంకర అంకెలెందుకు? ఆ ఏడాది పరిహారం పట్టికలో రెండో రౌండ్ పిక్ మెట్టుకి పైహద్దు సరిగ్గా 45,80,917. మూడో రౌండ్ మెట్టుకి పైహద్దు 22,90,457. ఒక్క డాలర్ ఎక్కువైనా పై మెట్టుకి పోతుంది. ఆయిలర్స్‌కి మ్యాచ్ చేయడం ఎంత కష్టమో అంత కష్టం చేసి, బదులుగా ఇవ్వాల్సింది మాత్రం తక్కువలో ఉంచారు. ఇంకో జాగ్రత్త, ఆఫర్ షీట్‌కి సొంత పిక్సే వాడాలి, వేరే జట్ల నుంచి వచ్చినవి పనికిరావు. అందుకే బ్లూస్ తమ రెండో రౌండ్ పిక్‌ని ముందుగానే పిట్స్‌బర్గ్ నుంచి వెనక్కి తెచ్చుకున్నారు. అంటే ఇది అప్పటికప్పుడు తట్టిన ఆలోచన కాదు.

మావాళ్లు డిఫెన్స్‌మన్ కోడీ సీసీని శాన్ హోసేకి పంపి కొంత చోటు చేసుకున్నారు. అయినా ఆగస్టు 20న ఇద్దర్నీ వదిలేశారు. మ్యాచ్ చేస్తే ఆ ఆటగాణ్ణి ఏడాదిపాటు ట్రేడ్ చేయకూడదు కూడా. పైగా ముందు డ్రైసైటిల్ కొత్త ఒప్పందం ఉంది (సెప్టెంబర్‌లో 8 ఏళ్లు, 14 మిలియన్లు), ఆ వెనక మెక్‌డేవిడ్. హాలోవే మరుసటి సీజన్‌లో బ్లూస్‌కి 26 గోల్స్, 63 పాయింట్లు చేశాడు. అతనికి కావాల్సింది ఏడాదికి 2.29 మిలియన్లు. జులై 1న అనుభవజ్ఞులకి డబ్బు పంచేముందు ఈ ఇద్దరికీ సంతకం చేయించి ఉంటే ఆఫర్ షీట్ ఊసే వచ్చేది కాదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

శ్రీ గారూ, మీరన్నదానికి నేను ఒప్పుకోను. మీ దగ్గర అసలు చిక్కు నలుగురికి ఇవ్వడం కాదు, క్యాప్ ఆగిపోవడం. 2025-26లో క్యాప్ 88 నుంచి 95.5కి వచ్చింది. ఆపై 104, 2027-28లో 113.5 అని లీగ్ చెప్పింది. ఇప్పుడు 12 మిలియన్లు అంటే మీ అప్పటి 12 కాదు.

సర్రే_లక్ష్మి
ఫ్రిస్కో_పక్ గారు బ్రిడ్జ్ డీల్స్ గురించి అన్నది వాంకూవర్‌లో కళ్లారా చూశాం. 2021లో కానక్స్‌కి క్విన్ హ్యూస్, ఎలియాస్ పెటర్సన్ ఒకేసారి ఆర్ఎఫ్ఏలు అయ్యారు. ఇద్దరికీ దీర్ఘకాలం ఇవ్వడానికి డబ్బు లేదు. సీజన్ ముంగిట అక్టోబర్‌లో తేలింది: హ్యూస్‌కి 6 ఏళ్లు, 7.85 మిలియన్లు. పెటర్సన్‌కి 3 ఏళ్లు, 7.35. ఆ 3 ఏళ్లు గడవకముందే, 2024 మార్చిలో పెటర్సన్‌కి 8 ఏళ్లు, ఏడాదికి 11.6 ఇవ్వాల్సి వచ్చింది. హ్యూస్ లీగ్‌లోనే అత్యుత్తమ డిఫెన్స్‌మన్‌గా నోరిస్ ట్రోఫీ గెలిచిన ఏడాది కూడా 7.85కే ఆడాడు. ఒకే వేసవి, ఒకే క్లబ్, రెండు దారులు.

అయితే బ్రిడ్జ్ ఎప్పుడూ తప్పని మాత్రం అనలేను. టాంపా బే 2020లో కప్ గెలిచిన వెంటనే సిరెల్లి, సెర్గచేవ్, చెర్నాక్ ముగ్గురూ ఆర్ఎఫ్ఏలు. క్యాప్ కదలట్లేదు. ముగ్గురికీ మూడేళ్ల చొప్పున ఇచ్చారు. సిరెల్లి, సెర్గచేవ్ 4.8, చెర్నాక్ 2.95. 2021లో మళ్లీ కప్ గెలిచారు. 2022లో ముగ్గురికీ ఎనిమిదేసి ఏళ్లు ఇచ్చారు, సెర్గచేవ్‌కి 8.5. రెండేళ్లకి అతన్ని యూటాకి పంపేశారు. అప్పు తీర్చక తప్పలేదు, కానీ కప్పు ఇంట్లో ఉంది.

ఫ్రిస్కో_పక్
లక్ష్మి గారూ, డాలస్‌లో చిక్కంతా అక్కడే. బ్రిడ్జ్ ఇచ్చారు, కప్పు రాలేదు. 2023, 2024, 2025 మూడేళ్లూ వెస్టర్న్ ఫైనల్ (కప్ ఫైనల్‌కి ముందు మెట్టు) దాకా వెళ్లి ఓడిపోయారు, ఒకసారి వేగస్ చేతిలో, రెండుసార్లు రావు గారి ఆయిలర్స్ చేతిలో. ఇప్పుడు అప్పులు వరసగా వచ్చి పడ్డాయి. ఆటింజర్ 4 నుంచి 8.25. హార్లీకి 2024లో 2 ఏళ్లు, 4 మిలియన్లు ఇచ్చారు, ఇప్పుడు 10.587. హైస్కనెన్‌కి మాత్రం 2021లో మొదటి ఒప్పందం అవగానే నేరుగా 8 ఏళ్లు, 8.45 ఇచ్చారు. అప్పుడు ఎక్కువన్నారు. ఈ రోజు హార్లీ కంటే రెండు మిలియన్లు తక్కువ. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండు అంకెల్లో ఉంది.

ప్లానో_వెంకట్
బ్రదర్, ఒక్క మాట. 2022లో రాబర్ట్‌సన్‌కి 8 ఏళ్లకి 9 ఇచ్చి ఉంటే బాగుండేదనడం ఇప్పుడు తేలిక. అప్పటికి అతను చేసింది ఒకే ఒక్క 40 గోల్స్ సీజన్. అతనే ఒప్పుకునేవాడో లేదో మనకు తెలియదు. పైగా ఆ మిగిలిన డబ్బుతోనే ఆ మూడు వెస్టర్న్ ఫైనల్స్ జట్టు తయారైంది. ఆటింజర్ 4 మిలియన్లకి ఆడిన మూడేళ్లూ డాలస్ అతని మీదే నడిచింది. ఆ మూడేళ్లు వృథా అనడానికి నాకు నోరు రావట్లేదు.

ఆటింజర్‌లాంటి గోలీల (గోల్‌కీపర్ల) విషయంలో తొందరపడితే ఏమవుతుందో బోస్టన్ చూపించింది. 2024లో ఉల్‌మార్క్‌ని ఒట్టావాకి పంపాక జెరెమీ స్వేమన్ ఒక్కడే దిక్కు. అది అతనికీ తెలుసు. సీజన్ మొదలయ్యే ముందు అక్టోబర్ 6 దాకా సంతకం చేయలేదు. చివరికి 8 ఏళ్లు, 8.25 మిలియన్లు. క్యాంప్ లేకుండా వచ్చాడు, ఆ సీజన్ బాగా ఆడలేకపోయాడు, బోస్టన్ ప్లేఆఫ్స్‌కే రాలేదు.

ఉప్పల్_కుర్రాడు
అన్నలూ, ఇంత బాగా ఎవరూ చెప్పలేదు నాకు. ఇంకో డౌట్. రాబర్ట్‌సన్ కూడా 2022లో ఆలస్యంగానే సంతకం చేశాడని చదివా. మరి అతను తర్వాత బాగానే ఆడాడు కదా?

ప్లానో_వెంకట్
అవును తమ్ముడూ. అక్టోబర్ 6న సంతకం, క్యాంప్ మొత్తం పోయింది. అయినా ఆ సీజన్‌లో 46 గోల్స్, 109 పాయింట్లు. అందరికీ ఒకేలా జరగదు. అతను మొదటి మ్యాచ్‌కి అందుకున్నాడు, నైలాండర్ రెండు నెలలు పోగొట్టుకున్నాడు. ఆ తేడా పెద్దది.

ఎడ్మంటన్_రావు
రాబర్ట్‌సన్‌ విషయంలో క్వాలిఫైయింగ్ ఆఫర్ లెక్క కూడా చూడాలి. మామూలుగా మిలియన్ దాటిన ఆటగాడికి చివరి ఏడాది జీతం అంతా ఇవ్వాలి. అందుకే ఏజెంట్లు చివరి ఏడాదికి జీతం ఎక్కువ పెట్టించేవాళ్లు. 2020లో దానికి హద్దు పెట్టారు: ఒప్పందం సగటులో 120 శాతం దాటక్కర్లేదు. రాబర్ట్‌సన్ సగటు 7.75. దానికి 120 శాతం అంటే సరిగ్గా 9.3. చివరి ఏడాది జీతం కూడా అంతే పెట్టుకున్నారు. అంటే ఏమీ చేయకుండా కూర్చున్నా అతనికి 9.3 ఖాయం. దాని మీద సంతకం చేసి ఒక ఏడాది ఆడి, 2027లో ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఆర్బిట్రేషన్‌కి (జీతాన్ని మధ్యవర్తి తేల్చడం) వెళ్లినా ఒక ఏడాది తీర్పే, దారి అక్కడికే. బలం అతని చేతిలో ఉంది, డాలస్ చేతిలో కాదు.

స్కార్‌బరో_శ్రీ
అదే నేనూ అంటున్నది రావు గారూ. 2025లో ఐలాండర్స్ నోవా డాబ్సన్‌ని మాంట్రియల్‌కి, బఫెలో పెటెర్కాని యూటాకి, రేంజర్స్ కేఆండ్రే మిల్లర్‌ని కరోలైనాకి పంపారు. ముగ్గురూ ఆర్ఎఫ్ఏలే. ఆఫర్ షీట్ వచ్చి పిక్స్‌తో సరిపెట్టుకునే బదులు తామే ట్రేడ్ చేసి ఆటగాళ్లను కూడా తెచ్చుకున్నారు. రాబర్ట్‌సన్ 2024-25లో 35 గోల్స్, 80 పాయింట్లు చేశాడు. అలాంటివాడికి మార్కెట్లో ఎంత ధర పలుకుతుందో ఊహించండి. చివరి ఏడాది దాకా లాగితే ఆ ధర సగానికి పడుతుంది.

సర్రే_లక్ష్మి
ఒకటి మర్చిపోతున్నాం. ఆఫర్ షీట్ పెట్టేవాళ్లు డాలస్ క్యాప్ కంటే ఎక్కువగా యజమాని జేబును పరీక్షించొచ్చు. 2019లో మాంట్రియల్ సెబాస్టియన్ ఆహోకి అదే చేసింది. 5 ఏళ్లు, 42.27 మిలియన్లు, అందులో సగం దాదాపు మొదటి 12 నెలల్లోనే బోనస్‌గా కట్టాలి. కరోలైనా యజమాని అంత డబ్బు ఒక్కసారి పెట్టలేడనుకున్నారు. ఆయన పెట్టాడు. రెండేళ్లకి కరోలైనా తిరిగి మాంట్రియల్ కుర్రాడు కొట్కనియెమికి 6.1 మిలియన్ల ఆఫర్ షీట్ పెట్టి తీసుకెళ్లింది, దాంట్లో సైనింగ్ బోనస్ 20 డాలర్లు. ఆహో జెర్సీ నంబర్ 20.

ఫ్రిస్కో_పక్
అందరివీ చదివాక కాగితం మీద లెక్క వేశాను. రాబర్ట్‌సన్‌కి 12 ఇస్తే ఎనిమిది మందికి 78 మిలియన్లు. డుషేన్ 4.5, లిండెల్ 5.25 కలిపితే 87.75. మిగిలింది 16.25, భర్తీ చేయాల్సింది 13 మందిని. తలకి 1.25 మిలియన్లు. 2026-27లో లీగ్ కనీస జీతమే 850 వేలు. చాలా కష్టం, కాదనను. మూడో, నాలుగో లైన్లు కుర్రాళ్లతో నింపాలి. వేసవిలో క్యాప్ 10 శాతం దాటొచ్చు కాబట్టి సంతకాలకి ఇబ్బంది లేదు, సీజన్ మొదటి రోజుకి మాత్రం లోపలికి రావాలి.

కానీ శ్రీ గారూ, ఈ ఇరకాటం ఒక్క ఏడాదే. సెగిన్ 9.85 సరిగ్గా 2027 వేసవిలో అయిపోతుంది. అదే వేసవిలో క్యాప్ 113.5కి పెరుగుతుంది. రెండూ కలిపితే దాదాపు 19 మిలియన్ల చోటు. ఒక్క సీజన్ ఊపిరి బిగబట్టలేక 26 ఏళ్ల 40 గోల్స్ ఆటగాణ్ణి పంపేస్తే, 2027లో ఆ డబ్బుతో మార్కెట్లో అలాంటివాడు దొరకడు. దొరికినా 12కి రాడు. కప్రిజోవ్‌కి మిన్నెసోటా 17 ఇచ్చిన రోజులివి.

ప్లానో_వెంకట్
ఇది నాకు నచ్చింది. ఒక షరతు మీద: బ్రిడ్జ్ మాత్రం మళ్లీ వద్దు. ఇస్తే పూర్తి కాలం ఇవ్వాలి. లీగ్‌కి, ఆటగాళ్ల సంఘానికి మధ్య కుదిరిన కొత్త ఒప్పందం 2026 సెప్టెంబర్ మధ్యలో అమల్లోకి వస్తే సొంత ఆటగాడికైనా 7 ఏళ్లకి మించి ఇవ్వలేరు. 8 ఏళ్లు ఇవ్వగలిగేది 2026 వేసవి వరకే. అతనికి ఆశ చూపించడానికి డాలస్ దగ్గరున్నవి ఆ ఎనిమిదో ఏడాది, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం.

స్కార్‌బరో_శ్రీ
సెగిన్ లెక్క నేను చూడలేదు, అది బలమైన పాయింటే. అయినా నా మాట మార్చుకోను. 13 మందిని తలకి 1.25తో నింపి ప్లేఆఫ్స్‌లో నాలుగు రౌండ్లు గెలవడం మేం ఏళ్ల తరబడి ప్రయత్నించాం, కుదరలేదు. అతను జూన్ ఆఖరికి సంతకం చేయకపోతే, క్వాలిఫైయింగ్ ఆఫర్ ఇచ్చి, ట్రేడ్ ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టాలి.

ఎడ్మంటన్_రావు
నేను ఫ్రిస్కో అన్న వైపే. ఒక్క సలహా: డాలస్ కుర్రాడు మావ్రిక్ బూర్క్ కూడా అదే వేసవిలో ఆర్ఎఫ్ఏ. పెద్దవాడి గొడవలో పడి అతన్ని ఆగస్టు దాకా వదిలేయకండి. మావాళ్లు హాలోవేని అలాగే వదిలేశారు.